పీడనం లెక్క తప్పకుండా కట్టడం ఎలా: పీవీ = ఎన్ఆర్‌టీ, యూనిట్లు, బెంగళూరు గాలి

పీవీ = ఎన్ఆర్‌టీ అన్న సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు చాలామంది. అదే సూత్రంతో "ఈ సీసాలో పీడనం ఎంత?" అని అడిగితే మాత్రం జవాబు వెయ్యి రెట్లు తక్కువగానో, పదింతలు ఎక్కువగానో వస్తుంది. సూత్రం సరిగ్గానే రాస్తారు, గుణకారం కూడా సరిగ్గానే చేస్తారు. లెక్క చెడేది యూనిట్ల దగ్గర.

బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు పీయూసీ (మన ఇంటర్) చదివే తెలుగు పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీదే. పక్కన యూనిట్ లేని అంకెను సూత్రంలోకి రానివ్వకండి. కింద చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది. ఈ ఊళ్ళో ఉండేవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటుంది, అది తర్వాత చెప్తాను.

ముందు అక్షరాలేమిటో చూద్దాం. పీ అంటే పీడనం, వీ అంటే ఘనపరిమాణం, ఎన్ అంటే మోల్‌ల సంఖ్య (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత), టీ అంటే కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, ఆర్ అంటే వాయు స్థిరాంకం. బాయిల్ 1662లో ప్రకటించిన సంగతిని, ఛార్లెస్, గే లుసాక్ తర్వాత తేల్చిన సంగతులను కలిపి 1834లో ఫ్రెంచి ఇంజనీరు క్లాపెరాన్ ఒక్క సమీకరణంగా రాశాడు. మనకు కావలసింది పీడనం కాబట్టి ఇలా తిప్పుకుందాం:

పీ = ఎన్ × ఆర్ × టీ ÷ వీ

మొదటి పని: ఏ ఆర్ వాడాలో తేల్చుకోండి

చాలామంది ఇది చివర్లో చేస్తారు. అంకెలన్నీ రాసుకున్నాక "ఆర్ ఎంతబ్బా, 8.314నా, 0.082నా?" అని ఆలోచించి, ముందు ఏది గుర్తొస్తే అది వేసేస్తారు. దాన్ని మొదటికి తెచ్చుకోండి. ఆర్ అంకెకు తనదైన యూనిట్లు ఉంటాయి. వీ ఏ యూనిట్లో ఉండాలో, పీ ఏ యూనిట్లో బయటికొస్తుందో చెప్పేది అదే.

లెక్కల్లో తరచూ కనిపించేవి ఇవి. ఆర్ = 8.314 వాడితే ఘనపరిమాణం ఘనపు మీటర్లలో ఉండాలి, పీడనం పాస్కల్స్‌లో వస్తుంది. ఆర్ = 0.08206 అయితే ఘనపరిమాణం లీటర్లలో, పీడనం అట్మాస్ఫియర్లలో. ఆర్ = 0.08314 అయితే లీటర్లు, బార్. ఆర్ = 62.36 అయితే లీటర్లు, పాదరసం మిల్లీమీటర్లు. 1.987 అనే అంకె కూడా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది కేలరీల లెక్కలకు, పీడనం కట్టేటప్పుడు దాని జోలికి వెళ్ళకండి.

ఇవన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. నా సలహా ఒకటే: 8.314 ఒక్కటి పెట్టుకోండి, ఘనపరిమాణం లీటర్లలో రాయండి, జవాబు కిలోపాస్కల్స్‌లో తీసుకోండి. ఘనపు మీటర్లకు మార్చే పనే ఉండదు. ఎందుకంటే ఒక కిలోపాస్కల్ అంటే 1000 పాస్కల్స్, ఒక లీటరు అంటే ఘనపు మీటరులో వెయ్యో వంతు. రెండూ గుణిస్తే ఆ వెయ్యి, ఈ వెయ్యో వంతు కొట్టేసుకుని సరిగ్గా ఒక జౌల్ (శక్తికి యూనిట్) మిగులుతుంది. అందుకే పాస్కల్ – ఘనపు మీటరు జంటకు పనికొచ్చే 8.314, కిలోపాస్కల్ – లీటరు జంటకు కూడా అదే అంకెగా పనికొస్తుంది. ఈ సౌకర్యం చాలామంది గమనించరు. ల్యాబ్ ఫ్లాస్కు, నీళ్ళ సీసా, సిలిండర్, మనం రోజూ చూసేవన్నీ లీటర్లలోనే ఉంటాయి కాబట్టి సగం తప్పులు ఇక్కడే తప్పిపోతాయి.

జవాబు వచ్చాక ఎవరు ఏ యూనిట్లో అడిగితే అందులోకి మార్చి ఇవ్వండి. 1 అట్మాస్ఫియర్ = 101.325 కిలోపాస్కల్స్ = 760 మిల్లీమీటర్ల పాదరసం. 1 బార్ = 100 కిలోపాస్కల్స్. 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) = 6.895 కిలోపాస్కల్స్. వర్క్‌షాపుల్లో గేజి మీద కనిపించే, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అనే యూనిట్ అయితే 98.07 కిలోపాస్కల్స్. ఈ నాలుగు వరుసలు నోట్సు అట్ట లోపలి వైపు రాసిపెట్టుకోండి.

రెండో పని: ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చండి

సెల్సియస్‌కు 273.15 కలపండి. 27 డిగ్రీలంటే 300.15 కెల్విన్. పరీక్షల్లో 273 కలిపి 300 అని రాసినా నడుస్తుంది. ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్ళకు 27 డిగ్రీలంటే అంత ఇష్టం అందుకే.

ఎందుకు మార్చాలి? లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగిందనుకోండి. సెల్సియస్ అంకెనే సూత్రంలో వేస్తే పీడనం సున్నా అని వస్తుంది. అంటే అక్కడ ఆగి ఉన్న కార్ల టైర్లలో గాలి ఒత్తిడి పూర్తిగా మాయమవ్వాలి. ఇంకో డిగ్రీ తగ్గితే పీడనం మైనస్‌లోకి వెళ్ళాలి. అలా జరగదు కదా. సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్ళు గడ్డకట్టే చోటు మాత్రమే. వాయువు పీడనం నిజంగా సున్నా వైపు సాగేది మైనస్ 273.15 దగ్గర, కొలత అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

మూడో పని: గ్రాములను మోల్‌లు చేయండి

ఎన్ స్థానంలో గ్రాములు వేయకూడదు. గ్రాములను అణుభారంతో భాగించండి. ఆక్సిజన్‌కు 32, నైట్రోజన్‌కు 28, హైడ్రోజన్‌కు 2, కార్బన్ డయాక్సైడ్‌కు 44, గాలికి సగటున 29. ఆక్సిజన్‌కు 16, నైట్రోజన్‌కు 14 వేసేసి జవాబు రెట్టింపు తెచ్చుకోవడం తరచూ జరిగే పొరపాటు. పరమాణువులు జంటగా ఉండే వాయువులకు జంట భారమే వేయాలి. ఆ అలవాటులో హీలియంను కూడా జంట చేసి 8 వేసేవాళ్ళున్నారు. హీలియం ఒంటరి పరమాణువుగానే ఉంటుంది, దానికి 4.

నాలుగో పని: ఘనపరిమాణం అంటే దేని ఘనపరిమాణమో చూడండి

మిల్లీలీటర్లను 1000తో భాగించి లీటర్లు చేయడం అందరికీ తెలిసిందే. సీసీ అన్నా మిల్లీలీటరు అన్నా ఒకటే. అసలు చిక్కు సిలిండర్ల దగ్గర వస్తుంది.

ఆసుపత్రుల్లో కనిపించే జంబో ఆక్సిజన్ సిలిండర్‌ను "ఏడు క్యూబిక్ మీటర్ల సిలిండర్" అంటారు. అది చూసి వీ స్థానంలో 7 ఘనపు మీటర్లు, అంటే 7000 లీటర్లు వేశారనుకోండి. నిండు సిలిండర్‌లో సుమారు 9.3 కిలోల ఆక్సిజన్ ఉంటుంది, అంటే 9300 ÷ 32 = 290.6 మోల్‌లు. 27 డిగ్రీల దగ్గర లెక్క కడితే:

290.6 × 8.314 × 300.15 ÷ 7000 = దాదాపు 104 కిలోపాస్కల్స్

ఇది మామూలు గాలి పీడనం. నిండు సిలిండర్ ఖాళీ సిలిండర్ అయిపోయింది! ఆ ఏడు క్యూబిక్ మీటర్లు ఏమిటంటే, లోపలి ఆక్సిజన్‌ను బయటికి వదిలితే మామూలు పీడనం దగ్గర ఆక్రమించే చోటు. సిలిండర్ లోపలి చోటు సుమారు 46.7 లీటర్లే. సిలిండర్ మీద దాన్ని నీటి సామర్థ్యం, వాటర్ కెపాసిటీ అంటారు. లోపల ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయో అంత అన్నమాట. వీ అంటే వాయువు ఇప్పుడు బంధించి ఉన్న చోటు. ఇప్పుడు మళ్ళీ:

290.6 × 8.314 × 300.15 ÷ 46.7 = దాదాపు 15,500 కిలోపాస్కల్స్ = 155 బార్

ఇలాంటి సిలిండర్లు నింపేది 150 బార్ ప్రాంతంలోనే, కాబట్టి అంకె కుదిరింది. ఇంకోలా చూడండి: 7000 లీటర్లను 46.7లోకి కుక్కితే 150 రెట్లు. సిలిండర్ లెక్కల్లో వీ సరిగ్గా పట్టుకుంటే మిగతాది తేలిక.

ఒక లెక్క పూర్తిగా చేద్దాం

పుట్టినరోజు పార్టీల్లో పొగ రావడానికి, ఐస్‌క్రీమ్ కరగకుండా పంపడానికి డ్రై ఐస్ వాడటం బెంగళూరులో మామూలైపోయింది. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మామూలు పీడనంలో ద్రవంగా మారకుండా నేరుగా వాయువవుతుంది. ఒక పిల్లవాడు అర లీటరు నీళ్ళ సీసా ఖాళీ చేసి అందులో 4.4 గ్రాముల చిన్న ముక్క వేసి మూత బిగించాడనుకుందాం. ముక్కంతా వాయువై సీసా గది ఉష్ణోగ్రతకు, 27 డిగ్రీలకు వచ్చాక లోపల పీడనం ఎంత?

తెలిసినవి యూనిట్లతో సహా రాద్దాం. ఎన్ = 4.4 గ్రాములు ÷ 44 = 0.1 మోల్. టీ = 300.15 కెల్విన్. వీ = 500 మిల్లీలీటర్లు = 0.5 లీటరు. ఆర్ = 8.314, లీటరు – కిలోపాస్కల్ జంట.

పీ = 0.1 × 8.314 × 300.15 ÷ 0.5 = 499 కిలోపాస్కల్స్

ఇదే లెక్క 0.08206తో కడితే 4.93 అట్మాస్ఫియర్లు వస్తుంది. దాన్ని 101.325తో గుణించి చూడండి, మళ్ళీ 499. ఘనపు మీటర్లలో కడితే వీ = 0.0005, పీడనం 4,99,000 పాస్కల్స్. ఏ ఆర్ వాడినా వచ్చే పీడనం ఒకటే, మారేది యూనిట్ మాత్రమే. మూడు దారుల్లోనూ ఒకసారి చేతితో కట్టి చూస్తే ఆర్ అంటే ఉన్న భయం పోతుంది.

ఇప్పుడు తప్పు దారులు కూడా చూద్దాం. ఎదుటివాళ్ళ జవాబు చూసి ఎక్కడ పొరపాటు జరిగిందో కనిపెట్టడానికి ఇవి పనికొస్తాయి. మిల్లీలీటర్లు మార్చకుండా 500 వేస్తే 0.499 వస్తుంది, సరిగ్గా వెయ్యో వంతు. జవాబు వెయ్యి రెట్లు తేడా ఉంటే వీ దగ్గరికి వెళ్ళండి. సెల్సియస్ మార్చకుండా 27 వేస్తే 44.9 కిలోపాస్కల్స్. ఇది బయట గాలి పీడనం కంటే తక్కువ, అంటే డ్రై ఐస్ వేశాక సీసా లోపలికి నొక్కుకుపోవాలి! మోల్‌ల బదులు 4.4 గ్రాములే వేస్తే 21,960 వస్తుంది, 44 రెట్లు ఎక్కువ. తేడా ఎన్ని రెట్లో చూస్తే తప్పెక్కడుందో అదే చెప్పేస్తుంది.

లెక్క ఇంకా పూర్తి కాలేదు. మూత పెట్టేటప్పుడు సీసాలో గాలి ఉంది కదా. అది ఎక్కడికీ పోలేదు. బెంగళూరులో దాని పీడనం సుమారు 91 కిలోపాస్కల్స్ (101 ఎందుకు కాదో కింద చెప్తాను). ఒకే చోట ఉన్న వాయువులు ఎవరి పీడనం వాళ్ళు కలిగిస్తాయి, మొత్తం కావాలంటే కూడాలి. ఇది డాల్టన్ నియమం. కాబట్టి మొత్తం 499 + 91 = 590 కిలోపాస్కల్స్.

4.4 గ్రాములంటే చిటికెడు ముక్క. పార్టీకి తెచ్చే డబ్బాలోంచి 50 గ్రాముల ముక్క తీసి వేస్తే లెక్క 5,670 కిలోపాస్కల్స్ దాటుతుంది. అంత పీడనంలో ఈ సూత్రం కచ్చితంగా ఉండదు గానీ, ఏ నీళ్ళ సీసా దాన్ని ఆపలేదని చెప్పడానికి అది చాలు. డ్రై ఐస్‌ను మూత బిగించే దేనిలోనూ వేయకండి, పిల్లలను వేయనివ్వకండి. లెక్క కాగితం మీదే చేయించండి.

జవాబు నమ్మొచ్చా? పాతిక లీటర్ల కొలబద్ద

క్యాల్క్యులేటర్ ఇచ్చిన అంకెను కళ్ళు మూసుకుని రాసేయకుండా పోల్చి చూడటానికి ఒక కొలబద్ద ఉంది. నాకు ఈ పాఠం మొత్తంలో బాగా ఇష్టమైనది ఇదే.

8.314 × 300 = 2494, అంటే దాదాపు 2500. కాబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మోల్ వాయువు 25 లీటర్లలో ఉంటే పీడనం దాదాపు 100 కిలోపాస్కల్స్. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా నోటిలెక్క. మీ లెక్కలో ఒక మోల్‌కు ఎన్ని లీటర్లు పడుతున్నాయో చూడండి. పాతిక కంటే ఎన్ని రెట్లు తక్కువగా ఉంటే పీడనం అన్ని వందల కిలోపాస్కల్స్.

డ్రై ఐస్ సీసాలో 0.1 మోల్‌కు 0.5 లీటరు, అంటే మోల్‌కు 5 లీటర్లు. పాతికలో అయిదో వంతు, కాబట్టి పీడనం 500 దరిదాపుల్లో ఉండాలి. ఉంది. ఆక్సిజన్ సిలిండర్‌లో మోల్‌కు 46.7 ÷ 290.6 = 0.16 లీటరు. 25 ÷ 0.16 = 156, కాబట్టి 15,600 దరిదాపుల్లో ఉండాలి. అదీ ఉంది.

జేఈఈ, ఈఏపీసెట్, కర్ణాటక సీఈటీ లాంటి పరీక్షల్లో క్యాల్క్యులేటర్ ఇవ్వరు. అక్కడ 27 డిగ్రీలు కనపడగానే ఆర్‌టీ స్థానంలో 2500 వేసేసి కట్టండి. వచ్చేది మామూలుగా ఒకే ఆప్షన్‌కు దగ్గరగా ఉంటుంది. రెండు ఆప్షన్లు మరీ దగ్గరగా ఉన్నప్పుడే 2494తో మళ్ళీ కట్టే అవసరం వస్తుంది.

22.4 లీటర్ల మాట కూడా ఇక్కడే. అది సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర ఒక మోల్ ఆక్రమించే చోటు. 1982లో ఐయూపాక్ (అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం) ప్రామాణిక పీడనాన్ని ఒక బార్‌కు మార్చాక అది 22.7 అయింది. ఇప్పుడు మీరు కూర్చున్న బెంగళూరు గదిలో, 27 డిగ్రీలు, 91 కిలోపాస్కల్స్ దగ్గర, ఒక మోల్ 27.4 లీటర్లు తీసుకుంటుంది. ప్రశ్నలో ప్రామాణిక పరిస్థితులు అని స్పష్టంగా లేకపోతే 22.4ను తీయకండి.

గేజి చూపించేది పూర్తి పీడనం కాదు

మొదట్లో తర్వాత చెప్తానన్న సంగతి ఇదే. పుస్తకంలో లెక్కలు బాగా చేసేవాళ్ళు కూడా బయట గేజి చూసి లెక్క కట్టమంటే ఇక్కడ జారతారు.

బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యలో వర్క్‌షాపుల్లో కంప్రెసర్ దగ్గర పనిచేసేవాళ్ళు "గాలి ఏడు కేజీలుంది" అంటారు. చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోలని. గేజి చూపించేది లోపలి పీడనం బయటి గాలి కంటే ఎంత ఎక్కువో, అంతవరకే. పంచరై నేలకు కరుచుకున్న టైరుకు గేజి పెడితే సున్నా చూపిస్తుంది. లోపల గాలి లేదని కాదు, లోపల, బయట సమానంగా ఉందని అర్థం. పీవీ = ఎన్ఆర్‌టీలో ఉండే పీ మాత్రం పూర్తి పీడనం, శూన్యం నుంచి కొలిచేది. కాబట్టి గేజి అంకెకు ఆ ఊరి గాలి పీడనం కలిపాకే సూత్రంలో వేయాలి. సూత్రం ఇచ్చిన జవాబును గేజితో పోల్చాలంటే ఆ ఊరి గాలి పీడనం తీసేయాలి. కంప్రెసర్ ఏడు కేజీలంటే 686 కిలోపాస్కల్స్, దానికి 91 కలిపితే 777. అదీ సూత్రానికి ఇవ్వవలసిన అంకె.

మరి బెంగళూరుకు 91 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. పైకి వెళ్ళేకొద్దీ మన మీద ఉండే గాలి తగ్గుతుంది, పీడనం తగ్గుతుంది. చెన్నైలో, విశాఖలో సుమారు 101 ఉంటే ఇక్కడ 91 దరిదాపుల్లో ఉంటుంది. నీళ్ళు ఇక్కడ 100కు ముందే, 97 డిగ్రీల దగ్గరే మరిగేది కూడా అందుకే. పుస్తకంలో 101.325 ఉంది కదా అని బెంగళూరు ల్యాబ్‌లో అదే వేస్తే లెక్క పది శాతానికి పైగా పక్కకు పోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే బెంగళూరుకు 1010, 1012 అని చూపిస్తుంది. అది హెక్టోపాస్కల్స్‌లో, అంటే 101 కిలోపాస్కల్స్. అది ఈ ఊరి నిజమైన పీడనం కాదు. ఊళ్ళన్నిటినీ పోల్చడానికి వీలుగా సముద్ర మట్టానికి సరిచేసి ఇచ్చే అంకె. మీ ఫోన్‌లో బారోమీటర్ సెన్సర్ ఉంటే, దాన్ని నేరుగా చూపించే యాప్‌లో 910 ప్రాంతంలో కనిపిస్తుంది. లెక్కకు కావలసింది ఆ అంకె.

బెంగళూరు నుంచి తిరుపతి దాకా ఒక టైరు

తెల్లవారుజామున బయల్దేరేముందు బంకులో గాలి పట్టించారు. 20 డిగ్రీల చలిలో గేజి 33 పీఎస్ఐ చూపించింది. కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి తిరుపతి చేరేసరికి టైరు లోపలి గాలి 40 డిగ్రీలకు వచ్చిందనుకుందాం. తిరుపతిలో గేజి పెడితే ఎంత చూపిస్తుంది?

టైరులో గాలి మారలేదు, కాబట్టి ఎన్ అదే. టైరు పెద్దగా సాగదు, వీ కూడా అదే అనుకోవచ్చు. అప్పుడు పీడనం కెల్విన్ ఉష్ణోగ్రతకు అనులోమంగా మారుతుంది. 33 పీఎస్ఐ అంటే 33 × 6.895 = 227.5 కిలోపాస్కల్స్. బెంగళూరు గాలి 91 కలిపితే 318.5, ఇదీ పూర్తి పీడనం. ఉష్ణోగ్రత 293.15 నుంచి 313.15 కెల్విన్‌కు పెరిగింది, అంటే 1.068 రెట్లు. కొత్త పూర్తి పీడనం 318.5 × 1.068 = 340.2. తిరుపతి కొండ కింద గాలి పీడనం దాదాపు 99. తీసేస్తే 241 కిలోపాస్కల్స్, అంటే 35 పీఎస్ఐ.

అదే టైరు బెంగళూరులోనే ఎండలో నిలబడి 40 డిగ్రీలకు వేడెక్కితే? 340.2లోంచి 91 తీస్తే 249, అంటే 36.1 పీఎస్ఐ. టైరు లోపల రెండు చోట్లా ఒకే పీడనం, గేజి మాత్రం ఒక పీఎస్ఐ తేడా చూపిస్తుంది, ఘాట్ దిగినందుకు.

గేజి అంకెనే నేరుగా 1.068తో గుణిస్తే 35.2 వస్తుంది. తిరుపతి జవాబుకు దగ్గరగా ఉంది కదా అని ఆ దారి సరైందనుకోకండి. బెంగళూరు గాలిని కలపకపోవడం, తిరుపతి గాలిని తీయకపోవడం, ఈ రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయంతే. బెంగళూరులోనే ఉన్న టైరుకు అదే దారిలో వెళ్ళినా 35.2నే వస్తుంది, అక్కడ ఒక పీఎస్ఐ దాకా తక్కువ. సెల్సియస్‌తో కట్టినవాళ్ళకైతే 40 ÷ 20 = 2 రెట్లు, 66 పీఎస్ఐ! ఇంకో మాట, డ్రైవర్ తలుపు దగ్గర కంపెనీ రాసిన అంకె చల్లటి టైరుకు. దారిలో వేడి మీద ఎక్కువ కనిపించిందని గాలి తీయించకండి.

సూత్రం ఎక్కడ ఆగుతుంది

వాయువు అణువులు ఒకదాన్నొకటి పట్టించుకోవని, వాటికి సొంత పరిమాణం లేదని అనుకుని రాసిన సూత్రం ఇది. గాలి, నైట్రోజన్, ఆక్సిజన్ మామూలు పీడనాల దగ్గర ఈ ఊహకు బాగా సరిపోతాయి. టైరు లెక్కకు ఏ దిద్దుబాటూ అక్కర్లేదు. 150 బార్ ఆక్సిజన్ సిలిండర్‌కు వచ్చేసరికి నిజమైన పీడనం మన జవాబు కంటే సుమారు అయిదు శాతం తక్కువ ఉంటుంది. సిలిండర్‌లో ఎంత ఆక్సిజన్ మిగిలిందో అంచనా వేయడానికి అది పెద్ద ఇబ్బంది కాదు.

వంటగ్యాస్ సిలిండర్‌కు మాత్రం ఈ సూత్రం అస్సలు పనికిరాదు. ప్రయత్నించి చూడండి. 14.2 కిలోల గ్యాస్, ప్రొపేన్ 44, బ్యూటేన్ 58 కలిసింది కాబట్టి సగటున 52 అనుకుంటే 273 మోల్‌లు. సిలిండర్ నీటి సామర్థ్యం 33.3 లీటర్లు. 27 డిగ్రీల దగ్గర సూత్రం 20,000 కిలోపాస్కల్స్‌కు పైగా చెప్తుంది, 200 బార్ దాటి. వంటింట్లో అంత పీడనం ఎక్కడిది? సిలిండర్‌ను మెల్లగా కదిలిస్తే లోపల తొణికే చప్పుడు వినిపిస్తుంది. లోపల ఉన్నది చాలావరకు ద్రవం, పైన కొంచెం చోటులో దాని ఆవిరి. ఆ 273 మోల్‌లలో చాలా భాగం వాయువే కాదు, కాబట్టి ఎన్ స్థానంలో వేయడానికి లేదు.

ద్రవం, ఆవిరి రెండూ కలిసి ఉన్నప్పుడు పీడనాన్ని నిర్ణయించేది సిలిండర్‌లో ఎన్ని కిలోలు మిగిలిందన్నది కాదు, ఉష్ణోగ్రత, గ్యాస్ మిశ్రమం. 30 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ఒక్కటే ఉంటే సుమారు 10.8 బార్, బ్యూటేన్ ఒక్కటే ఉంటే సుమారు 2.8 బార్, రెండూ కలిసినప్పుడు ఆ మధ్యలో. సిలిండర్ సగమైనా, పావు వంతే మిగిలినా, ద్రవం ఉన్నంతవరకు పీడనం పెద్దగా పడిపోదు. గ్యాస్ ఎంత మిగిలిందో పీడనం చూసి చెప్పలేకపోవడానికి కారణం ఇదే, బరువు తూయవలసిందే. సిలిండర్ మీద రాసిన ఖాళీ బరువును తూకంలోంచి తీసేస్తే మిగిలిన గ్యాస్ ఎన్ని కిలోలో తెలిసిపోతుంది.